అంచుకి రెండు వేళ్ల కింద

అరవై నాలుగు వాష్‌బేసిన్లు పగలగొట్టడానికి ఇద్దరు మనుషులకు ఇరవై నిమిషాలు పట్టింది.

ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాలో సుత్తి పడ్డప్పుడల్లా తెల్లటి పింగాణీ పెంకులు ఎగిరి గోడకి తగులుతున్నాయి. ఫొటో సారు మెడలో కెమెరాతో ఒక పక్కగా నిలబడ్డాడు. తిరస్కరించిన సరుకు ఒక్క ముక్క కూడా గేటు దాటకూడదన్నది ఫ్యాక్టరీ రూలు. పగలగొట్టినట్టు ఫొటో తీసి ఫైల్లో పెట్టాలన్నది ఇంకో రూలు.

అతనికి నాలుగడుగుల దూరంలో తెల్లక్క నిలబడి ఉంది. ఆ బేసిన్లన్నిటికీ గ్లేజు కొట్టింది ఆవిడే. పాలలాంటి ద్రావణాన్ని గన్‌తో పింగాణీ మీద చల్లి బట్టీలో కాలిస్తే అద్దంలాంటి మెరుపు వస్తుంది. అదే గ్లేజు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ తుంపరలో నిలబడే మనిషికి కనుబొమలు, చెవుల అంచులు, మెడ మీది నూగు అంతా తెల్లబడిపోతాయి. అందుకే తెల్లక్క. ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాడైన మేనేజర్ కూడా అక్కా అనే పిలుస్తాడు.

ఆ ఉదయం మాత్రం “మీరు” అన్నాడు. ఆవిడకి సంగతి అప్పుడే అర్థమైపోయింది.

సరుకు కొనే కంపెనీ ఎక్కడో దూరాన ఉంది. వాళ్లు బేసిన్లని చూడరు, ఫొటోలు చూస్తారు. ప్రతి బేసిన్‌నీ ఒకే చెక్క చట్రంలో బిగించి, ఒకే దీపాల కింద ఫొటో సారు ఫొటో తీసి పంపుతాడు. ఎనిమిదేళ్లుగా జరుగుతున్న పని. ఈసారి అరవై నాలుగు ఫొటోలూ తిరిగొచ్చాయి. ప్రతి దాని మీదా ఎర్ర సున్నా. సున్నా లోపల, ఎడమ పక్క, అంచుకి రెండు వేళ్ల కింద, ఆవగింజంత బూడిదరంగు చుక్క.

“ఇక్కడేం లేదు సార్,” అంది తెల్లక్క, మేనేజర్ బల్ల మీద పెట్టిన బేసిన్‌ని తడుముతూ. “వేలు పెట్టి చూడండి. చుక్కే ఉంటే గరుకు తగలాలి. వెన్నలా ఉంది.”

మేనేజర్ కళ్లజోడు పైకెత్తి, దించి, ముక్కు ఆనేంత వంగి చూశాడు. అతనికీ ఏమీ కనపడలేదు. తల తిప్పి ఫొటో సారు వంక చూశాడు. “మీరేమంటారు?”

ఆ గదిలో తన మాటకి అంత బరువు ఉండటం ఫొటో సారుకి బాగుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది.

“మన కంటికి కనపడనిది కెమెరాకి కనపడుతుంది సార్. పూత అడుగున ఉంటుంది. చేతికి తగలదు.”

“మీరొక్కసారి చెయ్యి పెట్టండి ఫొటో సారూ,” అంది తెల్లక్క.

అతని రెండు చేతులూ కెమెరా మీద ఉన్నాయి. తియ్యలేదు.

“అక్కడక్కడా ఉంటే మట్టిదో బట్టీదో తప్పనుకుందును,” అన్నాడు మేనేజర్. “అరవై నాలుగింటికీ ఒకే చోట! ఒకే చోటంటే ఒకే చెయ్యి. ఆ చెయ్యి అక్కడికొచ్చేసరికి ఏదో పాడు చేస్తోంది. శుక్రవారం విచారణ పెడతాం. అప్పటిదాకా మీరు ఇంట్లో ఉండండి.”

విచారణంటే ఏమిటో అందరికీ తెలుసు. గన్ పట్టిన మనిషి తప్పని తేలితే మళ్లీ గన్ పట్టనివ్వరు. ఆ ఫ్యాక్టరీ వద్దన్న చేతిని ఇంకే ఫ్యాక్టరీ రమ్మనదు.

సుత్తులు ఆగాయి. తెల్లక్క వంగి, గుట్టలోంచి అరచేతి వెడల్పున్న పెంకు ఒకటి తీసింది. బొటనవేలితో ఒకసారి రుద్దింది. గేటు దాటించకూడదు కదా, తిరిగి గుట్ట మీదే మెల్లగా పెట్టి వెళ్లిపోయింది.

ఫొటో సారు ఫొటో తీశాడు. టక్, చక్.

* * *

కొనుగోళ్ల గుమస్తాని అసలు పేరుతో ఎవరూ పిలవరు. గుండుసూది కావాలన్నా “మూడు కొటేషన్లు తెచ్చారా?” అంటాడు కాబట్టి అతను కొటేషన్. పెళ్లి కూడా మూడు కొటేషన్లు చూశాకే చేసుకున్నాడని క్యాంటీన్లో జోకు.

మంగళవారం పొద్దున్న కొటేషన్ ఒక అట్టపెట్టె పట్టుకుని స్టూడియో గదిలోకి వచ్చాడు. స్టూడియో అంటే పాత స్టోరు గదే. చట్రం, నాలుగు దీపాలు, ముక్కాలి స్టాండు, తెల్ల సున్నం గోడ.

“ఇదిగో గురూజీ, మీ కొత్త కోడలు,” అన్నాడు పెట్టె తెరుస్తూ.

సబ్బుబిళ్ల కన్నా కాస్త పెద్దది. నల్లగా, నున్నగా ఉంది. మీట నొక్కితే జుయ్‌మని ముక్కు బయటికి సాచింది, మళ్లీ నొక్కితే లోపలికి ముడుచుకుంది.

“ఇదా? ఇది పుట్టినరోజులకి పనికొస్తుందయ్యా.”

“అమ్మినవాడు మాత్రం మీ ముసలిదాన్ని మించిపోతుందన్నాడు. రెండు వారాలు ఊరికే వాడుకోమని ఇచ్చాడు. మీరు రెండింటితో ఒకే బేసిన్ తీసి, ఏది మేలో శుక్రవారానికల్లా రిపోర్టు రాసివ్వాలి. మేనేజర్ గారి మాట.”

“నేనే రాయాలా?”

“రాసేవాడు తెలిసినవాడై ఉండాలిగా. చిన్నది చాలని తేలితే తనిఖీ బల్ల దగ్గరి అమ్మాయిలే నొక్కేసుకుంటారట.” కొటేషన్ గొంతు తగ్గించాడు. “అప్పుడు మిమ్మల్నేం చెయ్యాలో ఆయన ఆలోచిస్తారట. నేను చెప్పానని అనకండి.”

అతను వెళ్లాక ఫొటో సారు రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాడు. అతని పాత డీఎస్ఎల్ఆర్, లెన్సులు ఊడదీసి మార్చుకునే పెద్ద కెమెరా, ఎనుబోతులా ఉంది. పిడి మీది రబ్బరు ఊడిపోతే అతనే రెండుసార్లు అంటించాడు. మీటల మీది అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. అతని వేళ్లకి అక్షరాలతో పనిలేదు. చిన్నదాన్ని చేతిలోకి తీసుకుంటే వేళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చూపుడువేలు లెన్స్‌కి అడ్డమొచ్చింది. మొదటి ఫొటో అతని సొంత వేలిదే.

అయినా అతను పనిదొంగ కాదు. కాగితం మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క ‘పెద్దది’, ఇంకో పక్క ‘చిన్నది’ అని రాసి, మొదలుపెట్టాడు.

సాయంత్రానికి అతని మొహం ముడుచుకుపోయింది. చిన్నది అతను కోరుకున్నంత చెత్తగా లేదు. దాని తెర పైకి లేస్తుంది కాబట్టి బేసిన్ అడుగు తియ్యడానికి నేల మీద పడుకోనక్కర్లేదు. దగ్గరికి తీసుకెళ్తే నీళ్లు పోయే రంధ్రం అంచు కూడా తేటగా పట్టింది. అన్నిటికన్నా కడుపుమంట ఇంకొకటి. బేసిన్ ముందు అంచు నుంచి వెనక గోడ దాకా అంతా ఒకేసారి స్పష్టంగా రావాలంటే పెద్ద కెమెరా లెన్స్ రంధ్రాన్ని సూది బెజ్జమంత బిగించాలి. ఇరవై రెండో గుర్తు దగ్గర పెట్టాలి. అప్పుడు వెలుతురు చాలదు, స్టాండు కావాలి, నాలుగు దీపాలు కావాలి, ఊపిరి బిగబట్టే మనిషి కావాలి. చిన్నదానికి ఇవేవీ అక్కర్లేదు. పుట్టుకతోనే కన్ను చికిలించుకుని పుట్టినట్టు అన్నీ తేటగానే చూస్తోంది.

పెద్దదాని పక్క అతను రాయగలిగినవి: ‘రంగులు నిండుగా ఉన్నాయి. నీడల్లో వివరం ఎక్కువ. పట్టు గట్టిగా ఉంటుంది.’ చివరిదాన్ని చదువుకుని కొట్టేశాడు. పట్టు గట్టిగా ఉంటే బేసిన్‌కేం లాభం?

బుధవారం మధ్యాహ్నం అతని అదృష్టం తిరిగింది.

తెల్లక్క చోట రిటైర్మెంటుకి దగ్గరపడ్డ తాతని నిలబెట్టారు. ఆయన గ్లేజు కొట్టిన మొదటి బేసిన్ బట్టీలోంచి వచ్చింది. ఫొటో సారు దాన్ని చట్రంలో బిగించి రెండు కెమెరాలతోనూ తీసి, అప్పటిదాకా కెమెరా తెరల మీదే పోల్చినవాడు ఈసారి కంప్యూటర్లో పెద్దవి చేసి పక్కపక్కన పెట్టాడు.

పెద్దదాని ఫొటోలో, ఎడమ పక్క, అంచుకి రెండు వేళ్ల కింద, చుక్క ఉంది.

చిన్నదాని ఫొటోలో లేదు.

అతను కుర్చీలోంచి లేచిపోయాడు. నెత్తిన పాలు పోసినట్టయింది. లోపం ఉంది, కొత్తది చూడలేకపోయింది, పాతది పట్టేసింది! ఇంకా ఏం కావాలి? కాగితం లాక్కుని పెద్ద అక్షరాలతో రాశాడు: ‘చిన్న కెమెరా గ్లేజు లోపాన్ని పట్టుకోలేకపోయింది.’ కింద రెండు గీతలు గీశాడు.

రెండో గీత దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఈ బేసిన్ తెల్లక్క చేసింది కాదు కదా?

అదే గన్ అయ్యుంటుంది, అనుకున్నాడు. గ్లేజు కొట్టే బూత్ అదే, గాలీ అదే. ఆ గన్‌ని ఇన్నాళ్లూ వాడింది ఆవిడే కదా. గీత పూర్తి చేశాడు.

* * *

ఫొటో సారు భార్య బట్టలు ఉతికిచ్చే షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. కస్టమరు తెచ్చిన ప్రతి బట్టనీ వెలుతురులో పరిచి, ముందే ఉన్న మరకల్ని చీటీ మీద రాసుకోవడం ఆవిడ ఉద్యోగం. లేకపోతే సాయంత్రం వచ్చి, ఈ మరక మీ దగ్గర పడిందేనంటారు. పన్నెండేళ్లుగా అదే పని చేసి చేసి ఆవిడ కన్ను ఎక్కడికెళ్లినా ముందు మరక మీదే పడుతుంది. చుట్టాలింటికి వెళ్తే అతనికదో ప్రాణసంకటం.

బుధవారం సాయంత్రం అతను ఇంట్లో లాప్‌టాప్ తెరిచి ఫొటోలు చూపిస్తున్నాడు. మూడు రోజుల తర్వాత మొగుడి మొహంలో నవ్వు కనపడింది కదాని ఆవిడ కూడా కూరలు తరగడం ఆపి వచ్చి కూర్చుంది.

“ఇదేంటండీ, స్క్రీన్ మీద మరక?” అని గోటితో గీకింది.

“మరక కాదే. అదే ఆ లోపం. నీకూ కనపడిందా? చూశావా మన కెమెరా!”

“లోపమో ఏమో, నాకు మరకలాగే ఉంది.” ఇంకోసారి గీకింది. పోలేదు. కిందున్న బాణం మీట నొక్కింది. తర్వాతి ఫొటో వచ్చింది. అది బేసిన్ కాదు. బేసిన్‌ని బోర్లించి తీసిన అడుగు భాగం. గ్లేజు తగలని, గరుకు మట్టి రంగు అడుగు.

ఆవిడ వేలు తెర మీద అక్కడే ఉంది.

“ఫొటో మారింది గానీ మరక కదల్లేదే!”

“ఏదీ?”

“ఇదిగో నా వేలి కింద. దీనికి కూడా ఉంది. వెలిసిపోయి కనపడుతోంది గానీ అదే.”

అతను ముందుకి వంగాడు. ఆవిడ మామూలుగా, రోజూ కౌంటర్లో చెప్పే మాటే చెప్పింది.

“మా షాపులో మొదట నేర్పేది అదేనండీ. మరక కనపడగానే చీటీ రాసెయ్యకూడదు. బట్ట జరిపి చూడాలి. బట్టతో పాటు మరక జరిగితే బట్టది. అక్కడే ఉంటే బల్లది. మొదట్లో నేనూ ఒకావిడతో పెద్ద పోట్లాట పెట్టుకున్నా. తీరా చూస్తే అది మా బల్ల మీది నూనె మరక. ఏంటలా అయిపోయారు? నీళ్లు తేనా?”

“వద్దు,” అన్నాడు. కాసేపాగి, “తే,” అన్నాడు.

గుక్కెడు నీళ్లు తాగేలోపు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. రెండు వారాల కిందట డైరెక్టర్ గారు వచ్చారు. కొత్త బట్టీ ముందు నిలబెట్టి గ్రూప్ ఫొటో తియ్యమన్నారు. అంతమంది పట్టాలంటే వెడల్పు లెన్స్ కావాలి. స్టూడియోకి వెళ్లి మార్చుకొస్తానంటే, ఆయనకి టైము లేదయ్యా, కానీయ్, అన్నాడు మేనేజర్. అక్కడే, బట్టీ హాల్లో, గాలిలో తెల్లటి పొడి తేలుతుండగా, కెమెరా నోరు తెరిచి లెన్స్ మార్చాడు. ఎనిమిదేళ్లలో ఎప్పుడూ చెయ్యని పని.

చిన్న కెమెరాకి లెన్స్ ఊడదు. అది నోరు తెరవదు.

* * *

గురువారం అందరికన్నా ముందు వచ్చి స్టూడియో తలుపు లోపల గడియ పెట్టుకున్నాడు.

తాత చేసిన బేసిన్‌ని చట్రంలో తిరగేసి బిగించి తీశాడు. బేసిన్ తలకిందులైంది. చుక్క ఉన్నచోటే ఉంది. బేసిన్ తీసేసి వట్టి సున్నం గోడని తీశాడు. గోడ మీద ఉంది. లెన్స్ రంధ్రం పెద్దది చేసి తీస్తే మాయమైంది. సూది బెజ్జమంత చేస్తే మళ్లీ వచ్చింది. రంధ్రం సన్నబడ్డప్పుడే కనపడేది కెమెరా లోపలి నలుసే, ఇంక చూడాల్సిందేమీ లేదు. లెన్స్ విప్పి, లోపలి అద్దం పైకి లేపి, భూతద్దంతో చూశాడు. బొమ్మని పట్టే సెన్సార్ పలక మీద, ఒక మూల, పొడి నలుసు. కంటికి ఆనీ ఆనకుండా ఉంది.

సొరుగులో రబ్బరు బ్లోయర్ ఉంది. నిమ్మకాయంత బంతి, దానికి సన్నటి ముక్కు. తీశాడు. ముక్కుని కెమెరా నోటి దగ్గర పెట్టాడు.

ఒక్కసారి నొక్కితే చాలు. నలుసు ఎగిరిపోతుంది. అరవై నాలుగు బేసిన్లూ ఈపాటికి పొడై ఎక్కడికో పోయాయి. తాత బేసిన్ మీది చుక్కని తనూ భార్యా తప్ప ఇంకెవరూ చూడలేదు. రేపు తెల్లక్క పని పోతుంది. ఎల్లుండి నుంచి ఫొటోల్లో చుక్క ఉండదు. ‘చూశారా, చెయ్యి మారగానే చుక్క పోయింది!’ అంటాడు మేనేజర్. లెక్క అచ్చంగా సరిపోతుంది. రిపోర్టు రాసే ఉంది, కింద రెండు గీతలతో సహా.

బంతి మీద అతని బొటనవేలు బిగిసింది.

ఎవరో తలుపు కొట్టారు. ఉలిక్కిపడి బ్లోయర్‌ని జేబులో పడేసి, కెమెరాకి లెన్స్ బిగించి, గడియ తీశాడు.

తెల్లక్క.

ఆవిడని పొడి లేకుండా చూడటం అదే మొదటిసారి. కనుబొమలు నల్లగా ఉన్నాయి. ఎవరో కొత్త మనిషిలా, కాస్త వయసు తక్కువగా కనపడింది.

“మాస్కు, ఏప్రను స్టోరులో అప్పగించి రమ్మన్నారు సారూ. మీరున్నారని ఇటొచ్చా. ఒక్క మాట అడగనా?”

“అడగండి.”

“మూడు రోజుల్నించీ ఇంట్లో ఇదే పని.” కుడిచెయ్యి ఎత్తి, కనపడని గన్ పట్టుకుని, కనపడని బేసిన్ చుట్టూ గాలిలో తిప్పింది. మణికట్టు ఎక్కడా కుదుపు లేకుండా, నీళ్లలో చేప తిరిగినట్టు తిరిగింది. ఎడమ పక్క, పై అంచు దగ్గరికి వచ్చేసరికి ఆపింది. “ఇక్కడ. ఇక్కడేం చేస్తున్నానో తెలియట్లా. మా అమ్మాయిని పక్కన నిలబెట్టి చూడమన్నా. అమ్మా, నీ చెయ్యి బాగానే ఉందంటుంది. దానికేం తెలుసు పాపం. మొదట్లో మీ మీద కోపమొచ్చింది సారూ, అబద్ధమెందుకు? తర్వాత అనుకున్నా, ఆయనకీ నాకూ ఏం తగాదా? మనిషి పొరపడతాడు గానీ కెమెరా పొరపడదు కదా. నా చెయ్యే వణుకుతోందేమో, నాకు తెలియట్లేదేమో.”

ఫొటో సారు కెమెరాని బల్ల మీద వెనక్కి జరిపాడు.

“మీ ఫొటో ఒకసారి చూపిస్తారా? ఏ చోటో సరిగ్గా చూసుకుంటే దిద్దుకోవచ్చు. రేపు ఆయనతో, తప్పు నాదే, దిద్దుకుంటానని చెప్తే ఒక నెల చూస్తారేమో.”

అప్పుడే చెప్పెయ్యొచ్చు. జేబులో బ్లోయర్ తొడకి ఒత్తుకుంటోంది.

“తప్పని ఒప్పుకోకండి,” అన్నాడు చివరికి. “రేపు రండి. ఏమీ ఒప్పుకోకుండా రండి.”

ఆవిడ అతని మొహంలోకి కాసేపు చూసింది. అర్థం కాలేదు. తలూపి వెళ్లిపోయింది. నడవాలో వెళ్తూ వెళ్తూ కుడిచెయ్యి మళ్లీ ఒకసారి గాలిలో తిరగడం అతనికి తలుపు సందులోంచి కనపడింది.

అతను బ్లోయర్‌ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి తీసుకెళ్లి కొటేషన్ చేతిలో పెట్టాడు.

“ఏంటిది?”

“రేపటిదాకా నీ దగ్గరుంచు. నేనడిగినా ఇవ్వకు.”

“రసీదు కావాలా?” అన్నాడు కొటేషన్.

* * *

శుక్రవారం పదింటికి మేనేజర్ గదిలో నలుగురున్నారు. మేనేజర్ బల్ల వెనక, తెల్ల చొక్కాలో కూర్చున్నాడు. పక్కన మినిట్స్ రాయడానికి కొటేషన్. తెల్లక్కకి కుర్చీ చూపించలేదు, ఆవిడ గోడవార నిలబడింది. ఫొటో సారు మాత్రం ముక్కాలి స్టాండు, రెండు కెమెరాలు, ఒక దీపం, లాప్‌టాప్ మోసుకుని వచ్చాడు.

“ఇదంతా ఎందుకయ్యా?” అన్నాడు మేనేజర్. “ఎర్ర సున్నాల ఫొటోలు నా దగ్గరున్నాయిగా.”

“మొదట మిమ్మల్నొక ఫొటో తీస్తాను సార్. రిపోర్టులో భాగం. కదలకుండా ఐదు లెక్కపెట్టండి.”

ఫొటో అనగానే మనిషికి మెడ దానంతటదే నిటారవుతుంది. మేనేజర్ కాలరు సర్దుకున్నాడు. ఫొటో సారు దీపం తిప్పి, చొక్కా జేబు సరిగ్గా చుక్క పడే చోటికి వచ్చేలా కెమెరాని పక్కకి తిప్పి, ఇరవై రెండు దగ్గర బిగించాడు. టక్... చక్. కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టి ఆయన వైపు తిప్పాడు.

మేనేజర్ ముందు తన మొహం చూసుకున్నాడు. పర్వాలేదనుకున్నట్టు తలూపాడు. తర్వాత ఆయన చూపు కిందికి దిగింది. చటుక్కున తన జేబు వంక చూసుకుని వేలితో దులుపుకున్నాడు. మళ్లీ తెర వంక చూశాడు. మళ్లీ దులుపుకున్నాడు.

“ఇంకా పోలేదేంటి ఈ మరక? పొద్దున్నేగా వేసుకున్నా ఈ చొక్కా.”

“మీ చొక్కాకి తెల్లక్క గ్లేజు కొట్టలేదు సార్,” అన్నాడు ఫొటో సారు.

కొటేషన్ కలం ఆగింది.

ఆ తర్వాత అతను ఎక్కువ మాట్లాడలేదు. ఒక్కొక్క ఫొటో తిప్పుతూ పోయాడు. తాత చేసిన బేసిన్. అదే బేసిన్ తలకిందులుగా. అడుగు భాగం. వట్టి గోడ. అన్నిటిలోనూ చుక్క అక్కడే. తర్వాత చిన్న కెమెరాతో తీసినవి. అదే బేసిన్, అదే గోడ, చుక్క లేదు.

“నలుసు కెమెరా లోపల ఉంది సార్. ఆ రోజు బట్టీ హాల్లో లెన్స్ మార్చాను. మార్చకూడదు. తర్వాతైనా లోపల చూసుకోవాలి. చూసుకోలేదు. తిరిగొచ్చిన రోజు ఈవిడ చెయ్యి పెట్టి చూడమంది. పెట్టలేదు.”

మేనేజర్ తన జేబుని ఇంకోసారి తడుముకున్నాడు. ఆ రోజు ‘కానీయ్’ అన్నది ఎవరో ఆయనకీ గుర్తొచ్చినట్టుంది, ఆ ఊసు మాత్రం ఎత్తలేదు.

“బంగారంలాంటి బేసిన్లయ్యా. అరవై నాలుగు. నా చేత్తో సంతకం పెట్టి పగలగొట్టించాను.”

“నా మాట మీదే సార్.”

“అయితే...” కొటేషన్ గొంతు సవరించుకున్నాడు. “చిన్న కెమెరానే ఖాయమని రాసుకోవచ్చా? మిగతా రెండు కొటేషన్లు కూడా...”

“నువ్వు కాసేపు నోరు మూసుకోవయ్యా!”

గోడవారన తెల్లక్క తన కుడిచేతిని ముందుకు పెట్టుకుని చూసుకుంటోంది. తిరగేసి అరచెయ్యి చూసింది. వేళ్లు ముడిచి, విప్పింది. ఆవిడ ఫొటో సారు వంక చూడలేదు.

“అయితే వణకలేదన్నమాట,” అంది. ఎవరితోనూ కాదు.

తర్వాత మేనేజర్ వైపు తిరిగింది. “స్టోరులో ఏప్రను తిరిగి ఇమ్మని చీటీ రాసిస్తారా? బూత్‌లో తాత గన్ కడిగాడో లేదో.”

మేనేజర్ కలం వెతుక్కున్నాడు. “రాస్తాను అక్కా,” అన్నాడు. “కూర్చో.”

ఆవిడ కూర్చోలేదు.

ఫొటో సారు రిపోర్టు బల్ల మీద పెట్టాడు. రెండు గీతలు గీసిన కాగితం కాదు, పొద్దున్నే మళ్లీ రాసింది. పెద్ద కెమెరాది రంగు మేలు. మన పనికి చిన్నది చాలు. ఎవరైనా వాడొచ్చు. చివర ఒక వాక్యం విడిగా ఉంది: ‘ఏ కెమెరా అయినా సరే, ఫొటోకి ముందు బేసిన్‌ని ఒక మనిషి చేత్తో తడిమి చూడాలి.’

మేనేజర్ ఆ వాక్యం దగ్గర ఆగి, కళ్లజోడు పైనుంచి అతన్ని చూశాడు.

“ఒక మనిషి అంటే?”

* * *

సోమవారం నుంచి ఆ మనిషి ఫొటో సారే అయ్యాడు.

చిన్న కెమెరా తనిఖీ బల్ల దగ్గరి అమ్మాయి మణికట్టుకి తాడుతో వేలాడుతోంది. ఆ అమ్మాయి రోజుకి రెండొందల ఫొటోలు నొక్కెయ్యగలదు. తనకి స్టాండూ లేదు, ఊపిరి బిగబట్టడమూ లేదు. ఆ అమ్మాయికన్నా ముందు, బట్టీలోంచి బండి రాగానే, ఒక్కొక్క బేసిన్‌నీ చేత్తో తడిమి పంపాలి. అది ఫొటో సారు పని. “రాసింది మీరేగా,” అన్నాడు మేనేజర్, అంతే. నేర్పాల్సింది తెల్లక్క.

ఎనిమిదేళ్లుగా కెమెరా పట్టీ ఒరుసుకున్న మెడ తేలిగ్గా ఉంది. ఎటు తిరిగినా ఏదో మర్చిపోయినట్టుంది.

తెల్లక్క మాస్కు గడ్డం కిందికి లాక్కుని వచ్చింది. కనుబొమలు మళ్లీ తెల్లబడ్డాయి. శుక్రవారం తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. అతను రెండుసార్లు బూత్ దాకా వెళ్లాడు గానీ, గన్ చప్పుడులో ఏమని చెప్పాలో తెలియక తిరిగొచ్చేశాడు.

బండి మీది ఒక బేసిన్‌ని రెండు చేతులా ఎత్తి అతని ముందు పెట్టింది. ఇంకా గోరువెచ్చగా ఉంది.

“ఇది నేను కొట్టిందే. చూడండి.”

అతను వంగి, దీపం వెలుతురులో ఇటూ అటూ చూశాడు. అద్దంలా ఉంది. “బాగుంది.”

“నేను చూడమంది కళ్లతో కాదు. కళ్లు మూసుకోండి.”

“మొన్న నేను...”

“మూసుకోండి సారూ. బండిలో ఇంకా ముప్పై ఉన్నాయి.”

మూసుకున్నాడు. ఆవిడ అతని మణికట్టు పట్టుకుని వేళ్లని అంచు మీద పెట్టి వదిలేసింది. అతను చుట్టూ తిప్పాడు. నున్నగా, వెచ్చగా జారిపోయింది. “ఏం లేదు.”

“మళ్లీ. అరచెయ్యి లేపి, వేళ్ల కొసలతో. మీట నొక్కినట్టు కాదు. నిద్రపోయే పసిపిల్ల చెంప ముట్టుకున్నట్టు.”

మళ్లీ తిప్పాడు. ఏమీ లేదు. మూడోసారి అంచు నుంచి కిందికి దిగుతూ, నీళ్లు పోయే రంధ్రం దగ్గర, ఉంగరం వేలి కొసకి ఏదో తగిలింది. ఇసుక రేణువులో సగం. వెనక్కి వచ్చాడు. తగిలింది. ముందుకి పోయాడు. తగిలింది.

“ఇక్కడ,” అన్నాడు. కళ్లు తెరిచి చూశాడు. అక్కడేమీ కనపడలేదు. పక్కనున్న అమ్మాయి వంగి చిన్న కెమెరాతో రెండు ఫొటోలు తీసి, తెర మీద పెద్దది చేసి చూపించింది. అందులోనూ ఏమీ లేదు.

“ఉందా?” అంది తెల్లక్క.

ఫొటో సారు వేలు అక్కడి నుంచి తియ్యలేదు. “ఉంది.”

“ఉంది. గన్ కడగడం రెండు నిమిషాలు ఆలస్యమైంది నాకు.” ఆవిడ ఏప్రను జేబులోంచి ఎర్ర చాక్‌పీసు తీసి, తను గ్లేజు కొట్టిన బేసిన్ మీద తనే అడ్డంగా గీత గీసింది. దాన్ని ఎత్తి తిరస్కరించిన సరుకు బండిలో పెట్టింది.

తర్వాత ఇంకో బేసిన్ తెచ్చి అతని ముందు పెట్టింది. అతను చెప్పించుకోకుండానే కళ్లు మూసుకున్నాడు.